కంప్యూటర్ కబుర్లు: ఒక్క కేక, నలభై గుమ్మాలు



ఈ త్రైమాసికంలో వచ్చిన ఉత్తరాలలో బరంపురం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం నన్ను ఆపింది. వారి ప్రశ్నను యథాతథంగా ఇస్తున్నాను.

"మా అబ్బాయికి బెంగుళూరులో ఉద్యోగం. సంక్రాంతికి ఇంటికి వచ్చాడన్న మాటే గానీ రాత్రి పదకొండు దాటగానే లాప్‌టాప్ తెరుస్తాడు. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. బొమ్మ లేదు, రంగు లేదు. ఏం చేస్తున్నావురా అంటే మూడు వందల సర్వర్లకు ఒకేసారి పని చెబుతున్నానమ్మా అంటాడు. ఒక్క మనిషి మూడు వందల యంత్రాలకు ఒక్కసారే పని చెప్పడం కుదిరే పనేనా, లేక నన్ను మభ్యపెడుతున్నాడా? అన్నానికి పిలిస్తే ఐదు నిమిషాలు అంటాడు, గంటకు గానీ లేవడు. ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు పిలవకూడదో అయినా చెప్పండి."

అమ్మా, మీ అబ్బాయి మభ్యపెట్టడం లేదు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇరవై ఏళ్ళకు పైగా ఆ పనే చేశాను. మూడు వందలు కాదు, నాకు నలభై. ఆ నలభైలో ముప్ఫై తొమ్మిదింటికి నా మాట చేరకుండానే చేరిందనుకుని లేచి వెళ్ళిపోయిన రోజు ఒకటుంది. అది కూడా చెబుతాను. మీ రెండో ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

ముందు సర్వర్ అంటే ఏమిటో చూద్దాం. మన ఇంట్లో కంప్యూటర్‌కు తెర, మీటలు, మౌస్ ఉంటాయి. సర్వర్‌కు అవేవీ అక్కర్లేదు. చల్లటి గదిలో ఇనుప అలమరలో ఒకదాని మీద ఒకటి పేర్చిన పళ్ళేల్లా ఉంటాయి. మీరు రైలు టికెట్ కొన్నా, మనవరాలి ఫోటో పంపినా ఆ పళ్ళేల్లో ఏదో ఒకటి మీకు జవాబు చెబుతూ ఉంటుంది. ఆ గదిలోకి వెళ్ళి ఒక్కోదాని ముందు నిలబడి పనిచేసే మనిషి ఉండడు. ఎక్కడో దూరంగా కూర్చుని అక్షరాల్లో ఆదేశం పంపాలి. ఆ ఆదేశాన్ని చదివి, అర్థం చేసుకుని, యంత్రం చేత చేయించే మధ్యవర్తి పేరు షెల్. అంటే చిప్ప, పెంకు. లోపలి గింజ చుట్టూ ఉండే పెంకు లాంటిదని ఆ పేరు పెట్టారు. మీ అబ్బాయి నల్లటి తెర మీద మాట్లాడుతున్నది దానితోనే. బొమ్మలు లేవని చిన్నచూపు చూడకండి. బొమ్మను నొక్కి ఒక్క యంత్రానికే పని చెప్పగలం. రాసిన మాటనైతే ఎన్ని యంత్రాలకైనా పంపవచ్చు.

దూరం నుంచి పని చెప్పే పద్ధతి కొత్తదేమీ కాదు. 1980లలోనే యునిక్స్ యంత్రాల్లో ఆర్‌ఎస్‌హెచ్ అనే సాధనం ఉండేది. మంచి సాధనమే గానీ అమాయకపుది. పంపిన మాటంతా తీగ వెంట బట్టబయలుగా పోయేది, పోస్టుకార్డు మీద రాసినట్టు. దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. 1995లో ఫిన్లాండులో హెల్సింకీ టెక్నాలజీ విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో అలాగే కాపువేసి పాస్‌వర్డులు దొంగిలించారు. అక్కడ పరిశోధన చేస్తున్న టాటు ఇలోనెన్ అనే యువకుడు ఇక లాభం లేదని, మాటను రహస్య లిపిలోకి మార్చి పంపే సాధనం స్వయంగా రాసి ఆ ఏడాది జూలైలో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. అదే ఎస్‌ఎస్‌హెచ్. ప్రతి సేవకూ ఇంటర్నెట్‌లో ఒక తలుపు నంబరు ఉంటుంది. అప్పటికి 21, 23 నంబర్లు పాత సాధనాలవి, మధ్యలో 22 ఖాళీగా ఉంది. అది నాకిస్తారా అని ఆయన ఒక ఉత్తరం రాశాడు, వాళ్ళు ఇచ్చేశారు. అంతే! ఈనాటికీ ప్రపంచంలోని సర్వర్లలో ఎస్‌ఎస్‌హెచ్ వాడుక తలుపు 22వ నంబరే. మన దగ్గర ఇంటి నంబరు మార్పించుకోవడానికి ఎన్నిసార్లు మునిసిపాలిటీ మెట్లెక్కాలో తలచుకుంటే నాకు ఆ కథ ఎప్పుడూ ముచ్చటేస్తుంది. తరవాత 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం వారు ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ అనే ఉచిత రూపాన్ని తెచ్చారు. ఇప్పుడు లినక్స్ యంత్రాల్లో ఎక్కువగా కనిపించేది అదే.

మూడు వందల యంత్రాలకు మూడు వందల పాస్‌వర్డులు ఎలా గుర్తుంటాయని అనుమానం రావచ్చు. గుర్తుపెట్టుకోరు. ఒక తాళం, ఒక తాళంచెవి జతగా తయారుచేసుకుంటారు. తాళానికి ఎన్ని నకళ్ళయినా తీసి ప్రతి సర్వర్ గుమ్మానికీ తగిలించవచ్చు. తాళం ఎవరి కంటపడినా నష్టం లేదు. చెవి మాత్రం ఒక్కటే, తన దగ్గరే. దానికి మళ్ళీ ఒక రహస్య వాక్యం కాపలా. మీ అబ్బాయి తన లాప్‌టాప్‌ను చుట్టాల పిల్లలకు ఆటలాడుకోవడానికి ఇవ్వకపోతే నొచ్చుకోకండి. అతని చేతిలో ఉన్నది మూడు వందల ఇళ్ళ తాళంచెవి.

ఇక అసలు పని. ఒక్క సర్వర్‌తో మాట్లాడటం వస్తే నలభైతో మాట్లాడటం ఎంతసేపు? సర్వర్ల పేర్లన్నీ ఒక ఫైలులో వరుసకు ఒకటి చొప్పున రాసుకోవాలి. ఈ జాబితాలోంచి ఒక్కో పేరు తీసుకో, ఆ యంత్రానికి ఈ మాట చెప్పు, తరవాతి పేరుకు వెళ్ళు అని షెల్‌కు చెప్పాలి. దీన్ని లూప్ అంటారు. జపమాల తిప్పినట్టే, పూసకు ఒక మంత్రం. మూడు నాలుగు వరుసల్లో అయిపోతుంది. కొత్తగా నేర్చుకున్నవాడికి అది రాసిన రోజు రాత్రి నిద్రపట్టదు. నాకూ పట్టలేదు.

అప్పట్లో నేను పనిచేసిన సంస్థకు దక్షిణాదిన, ఒరిస్సాలో కలిపి నలభై శాఖలుండేవి. శాఖకు ఒక సర్వర్. రోజూ రాత్రి ఆ రోజు లెక్కల నకలు ఒకటి తీసి వేరేచోట దాచుకోవాలి. అంతకు ముందు నకలు ఆ యంత్రంలోనే ఇంకో మూల పడి ఉండేది. ఇల్లు కాలితే బీరువాలోని పత్రాలూ కాలతాయి కదా, కనుక నకలును బెంగుళూరుకు పంపేలా మార్చమన్నారు. పాత నకళ్ళు ఇక అక్కర్లేదు కనుక ఆ అలవాటును ఫలానా తేదీనుంచి ఆపేయాలనీ ముందే నిర్ణయించారు. ఆపే ఏర్పాటు శాఖల్లో ముందుగానే చేసేశాం. కొత్త ఏర్పాటు ఎక్కించడం ఒక్కటే మిగిలింది.

అది 2003. ఆ మరునాడు హోసూరులో మా అక్క కూతురి పెళ్ళి. మేనమామను నేనే. బుట్టలో కూర్చోబెట్టి తీసుకురావలసినవాణ్ణి, సాయంత్రం ఆరుకల్లా బస్సెక్కాలి. నాలుగున్నరకు లూప్ రాశాను. ఒక్క యంత్రం మీద విడిగా పరీక్షించాను, చక్కగా పనిచేసింది. జాబితాతో నడిపాను. తెర మీద మొదటి శాఖ పేరు వచ్చింది, కింద "పూర్తయింది" అన్న మాట వచ్చింది. ఎర్రటి అక్షరాలు లేవు, తప్పు జరిగిందన్న కబురు లేదు. ఎంత త్వరగా అయిపోయిందో అనుకుని మురిసిపోయాను. నలభై యంత్రాల పని రెండు సెకన్లలో ఎలా అవుతుందన్న ప్రశ్న రాలేదు. మనసు అప్పటికే హోసూరు చేరిపోయింది.

ఏం జరిగిందో చెబుతాను. ఈ పని చేసే కుర్రవాళ్ళెవరైనా చదువుతుంటే ఇక్కడ కాస్త నిదానించండి. లూప్ జాబితాను ఒక్కో వరుసగా చదువుతోంది. మొదటి పేరు చదివి ఎస్‌ఎస్‌హెచ్‌ను పిలిచింది. ఈ ఎస్‌ఎస్‌హెచ్‌కు ఒక అలవాటుంది. తనకు ఎదురుగా వచ్చే అక్షరాలన్నీ అవతలి యంత్రానికి పంపవలసినవే అనుకుంటుంది, ఎందుకంటే మామూలుగా మనిషి మీటల మీద కొట్టేవి అలాగే పోవాలి కదా. ఇక్కడ ఎదురుగా ఉన్నది మనిషి కాదు, నా జాబితా. మిగిలిన ముప్ఫై తొమ్మిది పేర్లనూ అది ఒక్క గుక్కలో తాగేసి మొదటి యంత్రానికి పంపేసింది. ఆ యంత్రానికి వాటితో పనిలేదు, పారేసింది. తిరిగి వచ్చి చూస్తే లూప్‌కు జాబితా ఖాళీ. ఖాళీ అయితే పని అయిపోయినట్టే కదా! "పూర్తయింది" అని రాసి ఊరుకుంది. అది అబద్ధం చెప్పలేదు సుమండీ. దానికి తెలిసినంతవరకు నిజమే చెప్పింది.

మందు చాలా చిన్నది. ఎస్‌ఎస్‌హెచ్ పక్కన ఒక గీత గీసి ఎన్ అనే అక్షరం చేరిస్తే ఎదురుగా ఉన్నదాన్ని ముట్టుకోదు. ఒక్క అక్షరం. ఆ అక్షరం లేనందుకు ముప్ఫై తొమ్మిది శాఖల్లో పాత నకలు ఆగిపోయింది, కొత్త నకలు మొదలు కాలేదు.

రెండు నెలలకు పైగా ఎవరికీ తెలియలేదు. నకలు అనేది అవసరం పడినప్పుడు తప్ప ఎవరూ చూడని వస్తువు. ఒక శాఖలో డిస్క్ చెడిపోయింది. గంజాం జిల్లా వైపు చిన్న శాఖ. బెంగుళూరులో నకలు ఉంటుంది, గంటలో తెచ్చి ఇస్తామని ధీమాగా చెప్పింది నేనే. వెతికితే ఏముంది? ఆ శాఖ పేరుతో ఒక్క ఫైలూ లేదు. పక్క శాఖ పేరుతోనూ లేదు. అప్పుడు నా వెన్ను చల్లబడింది. ఆ రాత్రే మిగతా ముప్ఫై ఎనిమిదింటికీ ఏర్పాటు ఎక్కించి, ఒక్కోదానిలో నకలు తయారైందో లేదో తెల్లవారేదాకా చూశాను.

ఆ శాఖలో లెక్కలు రాసే ఆవిడ పెద్దావిడ, పదవీ విరమణకు ఏడాదో రెండేళ్ళో ఉంది. ఆవిడా, ఇంకొక గుమాస్తా కలిసి కాగితం రశీదులు ముందేసుకుని రెండు నెలల లెక్కలు మళ్ళీ మొదటినుంచి కొట్టారు. పద్దెనిమిది రోజులు పట్టింది, ఆదివారాలు కూడా. అయిపోయాక ఫోన్ చేసి, "బాబూ, అన్నీ ఎక్కించాం, ఒకసారి చూసుకోండి" అన్నది, అంతే. అరిచినా బాగుండేది. నేను తప్పు నాదని చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "రశీదులు పారెయ్యకుండా ఉంచాం, అదే మంచిదైంది" అన్నది.

అప్పటినుంచి నాకొక అలవాటు. పని చెప్పేముందు ఎందరికి చెబుతున్నానో లెక్కపెట్టుకుంటాను. చెప్పాక ఎందరు బదులు పలికారో లెక్కపెడతాను. రెండు అంకెలూ ఒకటైతేనే కుర్చీలోంచి లేచేది. పూర్వం ఊళ్ళో దండోరా వేసేవాడికి వీధి చివర నిలబడి డప్పు కొట్టి కేక వేయడంతో పని అయిపోయేది. ఎవరికి వినబడిందో అతనికి అనవసరం. సర్వర్లకు దండోరా వేస్తే అలా కుదరదు. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి విన్నారా అని అడగాలి.

అడగడానికి మంచి పద్ధతులే ఉన్నాయి. ఆదేశం ముగిసినప్పుడు ప్రతి యంత్రమూ ఒక అంకె తిరిగి పంపుతుంది. సున్నా వస్తే పని సవ్యంగా జరిగిందని అర్థం, ఇంకేది వచ్చినా ఏదో తేడా. బడిలో సున్నా వస్తే తన్నులు తిన్నవాళ్ళం, ఇక్కడ సున్నా కోసం దేవుడికి మొక్కుతాం! ఎస్‌ఎస్‌హెచ్ అసలు అవతలి గుమ్మం దాకానే వెళ్ళలేకపోతే 255 అని పంపుతుంది. ఇది తెలిసిన మనిషి "పని చెడింది" అన్నదాన్నీ, "మాటే చేరలేదు" అన్నదాన్నీ విడదీసి చూడగలడు. రెండింటికీ చికిత్స వేరు.

ఒకదాని తరవాత ఒకటిగా చెబుతూ పోతే ఇంకో చిక్కుంది, అది కాలం. ఒక్కో యంత్రానికి నాలుగు సెకన్లు వేసుకున్నా మూడు వందలకు ఇరవై నిమిషాలు. మధ్యలో ఏ ఐదో చచ్చిపడి ఉంటే ఒక్కోదాని గుమ్మం దగ్గర రెండేసి నిమిషాలు తలుపు తడుతూ నిలబడాలి, ఇంకో పది నిమిషాలు. అందుకని ఒకేసారి కొందరికి చెప్పే సాధనాలు పుట్టాయి. అమెరికాలో లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాల వారు తమ పెద్ద యంత్రాల గుంపుల కోసం పీడీఎస్‌హెచ్ అనేది తయారుచేశారు. అది ఊరికే చెబితే ఒకేసారి 32 యంత్రాలకు వెళుతుంది. ఒకటి ముగియగానే ఆ ఖాళీలో ముప్ఫైమూడోది. నాలుగు సెకన్ల పనైతే మూడు వందలూ ముక్కాలు నిమిషంలో అయిపోతాయి. మూడు వందలకూ ఒక్కసారే ఎందుకు చెప్పకూడదంటే, పెళ్ళిలో మూడు వందల మందికీ ఒకే బంతి ఎందుకు వెయ్యరో అందుకే. వడ్డించేవాడు ఒక్కడు, వంటశాల ఒక్కటి. అందరూ ఒక్కసారి ఒకే చోటునుంచి పెద్ద ఫైలు తెచ్చుకోవాలని పడితే ఆ ఇచ్చే యంత్రం కుప్పకూలుతుంది.

మూడు వందల జవాబులు వస్తే చదివేదెవరు? దానికీ ఉపాయముంది. పీడీఎస్‌హెచ్‌తో పాటే వచ్చే ఒక చిన్న సాధనం ఒకే రకమైన జవాబులను ఒక కుప్పగా చేసి చూపిస్తుంది. రెండు వందల తొంభై ఎనిమిది యంత్రాలు ఒకే మాట అన్నాయి, ఇదిగో ఈ రెండు మాత్రం వేరే మాట అన్నాయి అని. కన్ను నేరుగా ఆ రెండింటి మీదికి పోతుంది. ఈ పనిలో నాకు బాగా నచ్చిన సాధనం ఇదే. కొందరు తెర నిండా చిన్న చిన్న కిటికీలు తెరిచి, ఒక్క మీట నొక్కితే అన్నిటిలోనూ అక్షరం పడేలా చేస్తారు. ఐదారు యంత్రాలకైతే వేడుకగా ఉంటుంది. ఇరవై దాటాక అన్ని కిటికీల్లోకీ చూసే కన్ను ఏ మనిషికీ లేదని నా అభిప్రాయం. ఏదో ఒక కిటికీలో వేరే ప్రశ్న నిలబడి ఉంటుంది, మీరు "అవును" అని కొట్టిన అక్షరం దానికీ పడుతుంది.

ఇంకొక తమాషా. "నీ పేరు చెప్పు" అని నలభై యంత్రాలకు పంపితే నలభైయీ ఒకే పేరు చెప్పిన సందర్భం ఉంది. ఆ పేరు ఎవరిది? పంపినవాడి లాప్‌టాప్‌ది! ఆదేశంలోని కొన్ని గుర్తులు ఇక్కడే, బయల్దేరేముందే, అర్థం మార్చుకుంటాయి. జంట ఉద్ధరణ చిహ్నాల్లో పెడితే ఇక్కడి షెల్ విప్పేస్తుంది, ఒంటి చిహ్నాల్లో పెడితే కట్టిన మూట కట్టినట్టే అవతలికి పోయి అక్కడ విప్పబడుతుంది. పేరు అడిగినప్పుడు నవ్వుకుంటాం. "ఈ సంచీలోనివి తీసి పారెయ్" అన్నప్పుడు ఏ సంచీయో ఇక్కడే తేలిపోతే నవ్వు రాదు.

నా కథ పద్దెనిమిది రోజుల చాకిరీతో పోయింది. ఇంతకంటే పెద్ద కథ ఒకటి అమెరికాలో జరిగింది. నైట్ కాపిటల్ అని న్యూజెర్సీలో షేర్ల వ్యాపార సంస్థ. 2012 జూలై ఆఖరులో కొత్త ప్రోగ్రామును తమ ఎనిమిది సర్వర్లలోకి ఎక్కించారు. ఎనిమిదే! ఎక్కించిన ఉద్యోగి ఒకదాన్ని మరిచిపోయాడు. రెండో మనిషి సరిచూడాలన్న రాతపూర్వక నియమం వాళ్ళకు లేదు. మిగిలిపోయిన ఎనిమిదో సర్వర్‌లో పవర్ పెగ్ అనే పాత ప్రోగ్రాము ముక్క ఉండిపోయింది. 2003లోనే దాన్ని వాడటం మానేశారు గానీ తీసివేయలేదు. పైగా "ఈ ఆర్డరుకు కావలసిన షేర్లు వచ్చేశాయి, ఇక చాలు" అని దానికి చెప్పే లెక్కను 2005లో వేరేచోటికి మార్చారు. అంటే వడ్డించేవాడు ఉన్నాడు, చాలు అని చెయ్యి అడ్డం పెట్టేవాడు లేడు. ఆగస్టు 1వ తేదీ ఉదయం బజారు తెరవగానే, కొత్త ప్రోగ్రామును పిలవవలసిన గుర్తు ఎనిమిదో సర్వర్‌లో ఆ పాత ముక్కను నిద్రలేపింది. వచ్చినవి 212 చిన్న ఆర్డర్లు. నలభై ఐదు నిమిషాల్లో అది నలభై లక్షలకు పైగా లావాదేవీలు చేసింది. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది.

నన్ను కలచివేసేది ఆ తరవాత జరిగింది. ఏదో తప్పు జరుగుతోందని కంగారుపడి, కొత్త ప్రోగ్రాములోనే దోషముందనుకుని, సరిగ్గా ఉన్న ఏడు సర్వర్లలోంచి దాన్ని తీసేశారు. అంతవరకూ ఒక్కటే పాత ముక్కను నడుపుతోంది, ఇప్పుడు ఎనిమిదీ నడిపాయి. ఎవరు విన్నారో, ఎవరు వినలేదో తెలియకపోతే మందు కూడా విషమవుతుంది. బజారు తెరవకముందే వాళ్ళ యంత్రాలు ఆ పాత ముక్క పేరుతో 97 హెచ్చరిక ఉత్తరాలు పంపాయట. వాటిని ఎవరూ పట్టించుకోలేదు. ఈ వివరాలన్నీ అమెరికా ప్రభుత్వ సెక్యూరిటీస్ కమిషన్ 2013లో ఆ సంస్థకు కోటీ ఇరవై లక్షల డాలర్ల జరిమానా వేస్తూ ఇచ్చిన ఉత్తర్వులో ఉన్నాయి.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. ఈ రంగంలోనూ ముందు ఒక్క యంత్రం మీద పరీక్షించు, తరవాత ఐదింటి మీద, తరవాత యాభై మీద అంటారు. మంచి మాటే, నేనూ అదే చేశాను. ఒక్క మెతుకు పట్టి చూశాను, ఉడికింది, బస్సెక్కాను. ఆ సామెత అన్నం అంతా ఒకే గిన్నెలో, ఒకే మంట మీద ఉన్నప్పుడు చెల్లుతుంది. నలభై ఊళ్ళలో నలభై పొయ్యిలుంటే ఒక మెతుకు ఏం చెబుతుంది? ఆదేశం సరైనదా కాదా అన్నది ఒక్క యంత్రం చెబుతుంది. అందరికీ చేరిందా లేదా అన్నది అందరినీ అడిగితేనే తెలుస్తుంది. ఈ రెంటినీ ఒకటే అనుకోవడమే నా పొరపాటు.

ఇప్పటి కుర్రవాళ్ళు లూపుల దగ్గర ఆగిపోలేదు. ఆన్సిబుల్ వంటి సాధనాలు వాడుతున్నారు. 2012లో మైకేల్ డీహాన్ అనే ఆయన మొదలుపెట్టాడు. ఉర్సులా లెగ్విన్ అనే రచయిత్రి 1966 నాటి నవలలో నక్షత్రాల మధ్య తక్షణం కబురందించే యంత్రానికి పెట్టిన పేరది. దీని కిటుకు మన వంటింట్లోనే ఉంది. పులుసు పొయ్యి మీద ఉంది. అత్తగారు వచ్చి ఉప్పు వేశారు, కోడలు వచ్చి వేసింది, ఆడపడుచు వచ్చి తనూ ఒక చిటికెడు వేసింది. "ఉప్పు వెయ్యి" అన్నది ఆదేశం. "ఉప్పు చాలినంత ఉండాలి, లేకపోతేనే వెయ్యి" అన్నది ఇంకో రకం ఆదేశం. ఈ రెండోదాన్ని పదిసార్లు చెప్పినా పులుసు చెడదు. సగం యంత్రాలకు చేరి సగానికి చేరలేదా? ఏవో కనుక్కునే పనిలేకుండా మళ్ళీ అందరికీ చెప్పేయవచ్చు. ఇప్పటికే ఉన్నచోట ముట్టుకోదు, లేనిచోట చేస్తుంది, చివర పేరు పేరునా లెక్క అప్పజెబుతుంది. నా రోజుల్లో ఇది ఉంటే, హోసూరు పెళ్ళి నుంచి వచ్చాక మరొక్కసారి నడిపి ఉంటే...

సాధనం ఎంత మంచిదైనా చెయ్యి జారితే జారినట్టే. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ సంస్థలో ఒక ఉద్యోగి, అధికారం ఉన్నవాడే, రాసిపెట్టిన పద్ధతి ప్రకారమే, కొద్ది సర్వర్లను పక్కకు తీయబోయాడు. ఆదేశంలో ఒక అంశం తప్పు పడింది. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సర్వర్లు పక్కకు పోయాయి. అమెరికా తూర్పు తీరంలో దాని మీద ఆధారపడ్డ లెక్కలేనన్ని సైట్లు నాలుగు గంటల పాటు అల్లాడాయి. ఆ ఉద్యోగిని బోనెక్కించి ఊరుకోకుండా సాధనాన్నే మార్చారు. ఇకమీదట నెమ్మదిగా తీస్తుంది, ఒక స్థాయికి దిగువకు పోనివ్వదు. నాకది సబబుగా తోచింది. మేమూ ఆ శాఖ గొడవ తరవాత మనిషిని మార్చలేదు, లూప్ చివర రెండు అంకెలు పక్కపక్కన అచ్చయ్యేలా ఒక వరుస చేర్చాం.

బరంపురం అమ్మగారికి ఇప్పుడు సూటిగా జవాబు. రాత్రిపూటే ఎందుకంటే, ఆ సర్వర్లను వాడే జనం నిద్రపోయే వేళ చూసుకుని పని పెట్టుకుంటారు. ఐదు నిమిషాలు గంట ఎందుకవుతుందంటే, రెండు వందల తొంభై ఎనిమిది పలికి రెండు పలకకపోతే ఆ రెండింటి దగ్గరే మిగతా యాభై ఐదు నిమిషాలూ పోతాయి. పిలవకూడని వేళ ఒక్కటే. కొన్ని యంత్రాల్లో కొత్త ఏర్పాటు ఎక్కి, కొన్నిట్లో పాతదే ఉన్న సమయం. అన్నిటికంటే ప్రమాదమైన ఘడియ అదే, మనిషి లేవకూడనిదీ అప్పుడే. కనుక "అన్నానికి రా" అనకండి. "మొదలుపెట్టావా, మధ్యలో ఉన్నావా?" అని అడగండి. ఇంకా మొదలుపెట్టలేదంటే చెయ్యి పట్టి లేపండి, తిని వచ్చి చేసుకుంటాడు. మధ్యలో ఉన్నానమ్మా అంటే కంచం మీద మూత వేసి, మజ్జిగ పక్కన పెట్టి, మీరు పడుకోండి.